800 పేజీల నవల, 24 రోజుల షూటింగ్

(తక్కువ బడ్జెట్‌లో సినిమాలు తీయాలనుకునే దర్శకులు, రచయితల కోసం చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. పెద్ద రాజకీయ నవలని తక్కువ ఖర్చుతో, 24 రోజుల్లో సినిమాగా తీయడం ఎలాగో మాట్లాడుకుందాం. ముందు లెక్క చూద్దాం. 800 పేజీల నవల. పేజీకి 250 మాటలు వేసుకుంటే రెండు లక్షల మాటలు. వంద నిమిషాల సినిమా స్క్రిప్టులో డైలాగులు, సీన్ వివరం అన్నీ కలిపినా 20 వేల మాటలు దాటవు. అంటే పదిలో తొమ్మిది వంతులు పోతాయి. ఏవి పోవాలో మీరు కాగితం మీద తేల్చకపోతే సెట్లో వాన తేలుస్తుంది, నటుడి కాల్షీటు తేలుస్తుంది, ఆఖరికి ఎడిటర్ తేల్చాల్సి వస్తుంది. 1924లో ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ ఒక నవలని దాదాపు ఏమీ వదలకుండా ‘గ్రీడ్’ అనే సినిమాగా తీశారు. మొదటి కూర్పు ఎనిమిది గంటల పైమాటే. స్టూడియో దాన్ని రెండున్నర గంటల లోపుకి కోసేసింది. ఆయన వెనక పెద్ద స్టూడియో ఉంది, మన వెనక లేదు. తీయకూడని సీను తీస్తే ఆ రోజు మనకి తిరిగి రాదు.

ఒక పేజీ అంటే ఒక నిమిషం అని మీరందరూ వినే ఉంటారు. అది ఇంగ్లీషు స్క్రిప్టులకు, వాళ్ల ఫాంటుకి, వాళ్ల మార్జిన్లకి కుదిరిన కొలత. తెలుగులో రాసిన పేజీకి అది వర్తించదు. ప్రతి సీనునీ స్టాప్‌వాచ్ పెట్టుకుని, కదలికలు కూడా ఊహించుకుంటూ, పైకి చదివి నిమిషాలు రాసుకోండి. షెడ్యూల్ ఆ నిమిషాల మీద వేయాలి. రోజుకి నాలుగు నుంచి నాలుగున్నర నిమిషాల సినిమా తీయగలిగితే 24 రోజుల్లో వంద నిమిషాలు పూర్తవుతాయి. రోజుకి ఆరు నిమిషాలు అని చార్టింగ్ (ఏ రోజు ఏ సీను తీయాలన్న పట్టిక) వేసిన యూనిట్లు మూడో రోజుకే వెనకబడతాయి. అప్పుడు జరిగే నష్టం ఏమిటంటే, దర్శకుడు క్లోజప్పులు మానేసి వైడ్‌లో, అంటే దూరం నుంచి అందరూ కనబడే షాట్‌లో, సీను ముగించేస్తాడు. మాటల మీద నడిచే సినిమాకి అది చావుదెబ్బ.

హక్కుల సంగతి త్వరగా చెప్పేస్తాను. కానీ అవి లేకుండా స్క్రిప్టు మొదలుపెట్టకండి. రచయిత పోయాక కాపీరైట్ చాలా దేశాల్లో 70 ఏళ్లు, భారతదేశంలో 60 ఏళ్లు ఉంటుంది. మీరు చదివింది అనువాదమైతే అనువాదకుల హక్కు వేరు. మూలం హక్కు మాత్రమే తీసుకుని అనువాదంలోని డైలాగులు యథాతథంగా వాడితే ఇరుక్కుంటారు. మొత్తం హక్కులు ఒకేసారి కొనే స్తోమత ఉండదు కాబట్టి ఆప్షన్ ఒప్పందం రాసుకుంటారు, అంటే కొంత సొమ్ము ఇచ్చి, గడువులోపు హక్కులు కొనే అవకాశం మనకే ఉంచుకోవడం. పన్నెండు లేదా పద్దెనిమిది నెలల గడువు, ఒకసారి పొడిగించుకునే వీలు, ఇచ్చిన సొమ్ము తర్వాత కొనుగోలు ధరలో జమ అయ్యేలా. గడువులోపు ఏ పని జరిగితే హక్కు నిలుస్తుందో స్పష్టంగా రాయించండి. ‘అట్లాస్ ష్రగ్డ్’ అనే 1957 నాటి భారీ నవలని తీసినవాళ్లు హక్కుల గడువు ముంచుకొచ్చాక 2010 జూన్‌లో షూటింగ్ మొదలుపెట్టారు. అది 2011, 2012, 2014లో మూడు భాగాలుగా వచ్చింది, మూడింటిలోనూ ప్రధాన పాత్రల్లో వేరువేరు నటులు. భాగాలుగా తీయాలంటే తర్వాతి భాగాలకు నటుల డేట్లు కూడా మొదటి ఒప్పందంలోనే కట్టడి చేసుకోవాలి. ఆ డబ్బు లేనివాళ్లు ఒకే సినిమాగా తీయడం మేలు. ఇంకొకటి. రాజకీయ నవల అనగానే వారసులు స్క్రిప్టు ఆమోదం అడుగుతారు. ‘ఆమోదం’ బదులు ‘సంప్రదింపు’ అని రాయించండి. వాళ్ల మాట వినాలి, కానీ షూటింగ్ ఆపే అధికారం వాళ్ల చేతిలో ఉండకూడదు.

ఇక అసలు పని. నవలని మూడుసార్లు చదవాలి. మొదటిసారి పెన్ను పట్టుకోవద్దు. చదివిన వారానికి, పుస్తకం తెరవకుండా, గుర్తున్న సంఘటనలన్నీ రాయండి. పాతికో ముప్పైయో వస్తాయి. అవి దాచుకోండి. రెండోసారి చదువుతూ అధ్యాయానికి ఒకటి రెండు కార్డులు రాయండి. కార్డు మీద కథ రాయకూడదు, మూడు సంగతులే ఉండాలి: ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు, దానికి ఎవరు నష్టపోయారు, ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవచ్చా. 800 పేజీలకు 150 నుంచి 200 కార్డులు తేలతాయి. వెనక్కి తీసుకోదగిన నిర్ణయాలన్నీ పక్కన పెడితే సగం పోతాయి. మిగిలినవాటిని మొదటి జాబితాతో సరిచూసుకుంటూ 55, 60 సీన్లకు కుదించవచ్చు. మూడోసారి చదవడం కేవలం మనం కల్పించలేని వివరాల కోసం: తీర్మానం ఎలా రాస్తారు, రహస్య సమావేశానికి కబురు ఎలా వెళ్తుంది, కార్యాలయంలో టీ ఎవరు పెడతారు. నవలాకారుడు ఆ ప్రపంచంలో బతికి తెచ్చిన ఈ వివరాలే సినిమాకి నమ్మకం ఇస్తాయి. వీటిని తీయడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇంత పెద్ద కథని ఎక్కడ పట్టుకోవాలి? 1969లో కోస్టా గావ్రాస్ తీసిన ‘జెడ్’ని జాగ్రత్తగా చూడండి. వాసిలిస్ వాసిలికోస్ నవల అది, 1963లో గ్రీస్ పార్లమెంటు సభ్యుడు లాంబ్రాకిస్ హత్య ఆధారంగా రాసింది. సినిమా తీసేనాటికి గ్రీస్‌లో సైనిక పాలన. అక్కడ తీసే వీల్లేదు కాబట్టి అల్జీరియాలో తీశారు, దేశం పేరే చెప్పలేదు. కథ ఒక సభ, ఒక దాడి, దాని మీద మేజిస్ట్రేటు విచారణ చుట్టూ తిరుగుతుంది. విచారణ అన్నది తక్కువ బడ్జెట్‌కి దొరికే అతి మంచి చట్రం. ఒక గది, ఒక బల్ల, టైపు చేసేవాడు. సాక్షులు ఒకరి తర్వాత ఒకరు వస్తారు, కాబట్టి ఒక్కో నటుడితో ఒకటి రెండు రోజుల పనే. పేరున్న నటులు నెల రోజులు ఇవ్వలేకపోయినా ఒక రోజు ఇస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఊరేగింపునో దాడినో మొత్తం చూపించనక్కర్లేదు. ఆ సాక్షి నిలబడ్డ చోటి నుంచి కనబడినంతే చూపిస్తాం. ఫ్రేము ఇరుకుగా ఉండటానికి కథలోనే కారణం దొరుకుతుంది.

అన్ని నవలలూ దీనికి ఒదగవు. అప్పుడు నాయకుడి పక్కన ఉండే చిన్న పాత్ర వైపు నుంచి చెప్పవచ్చు: స్టెనో, డ్రైవరు, పత్రిక ప్రూఫులు దిద్దేవాడు. పెద్ద సంఘటనలు తలుపు అవతల జరుగుతాయి, మనం ఇవతల ఉంటాం. ఈ పద్ధతిలో ప్రమాదం ఏమిటంటే ఆ పాత్ర ఊరికే చూస్తూ కూర్చుంటుంది. మొదటి ఇరవై నిమిషాల్లోపు ఆ మనిషి దాచాల్సిన విషయమో, చెప్పాల్సిన అబద్ధమో ఒకటి చేతికివ్వాలి. లేకపోతే ప్రేక్షకుడికి ఆ పాత్ర ఎందుకుందో అర్థం కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం. నవలలో పేరున్న పాత్రలు డెబ్బై, ఎనభై ఉంటాయి. మన సినిమాలో మాట్లాడే పాత్రలు పన్నెండుకి మించితే కాంబినేషన్లు (ఒకే సీనులోని నటులందరి డేట్లు ఒకే రోజుకి కలవడం) కుదరవు, ప్రేక్షకుడికీ గుర్తుండవు. కాబట్టి పాత్రల్ని కలపాలి. కలపడం మొదలుపెట్టగానే చేయి ఎక్కడికి పోతుందంటే, ఒకే పార్టీలో ఉన్న ఇద్దరి దగ్గరికి. ఇద్దరూ నాయకుడి అనుచరులే, ఇద్దరూ నిజాయితీపరులే, ఒకరిని చేసేద్దాం అనిపిస్తుంది. అక్కడే సినిమా చచ్చిపోతుంది. రాజకీయ నవలని రాజకీయ నవలగా నిలబెట్టేది రెండు పక్షాల పోరు కాదు, అది ఏ సాహస కథకైనా ఉంటుంది. ఒకే లక్ష్యం నమ్మిన ఇద్దరు దారి దగ్గర విడిపోవడం, సమ్మె ఇప్పుడే విరమించాలా ఇంకో వారం లాగాలా అని కొట్టుకోవడం, అందులో ఒకరు ఓడి మౌనంగా ఆ నిర్ణయాన్ని అమలు చేయడం, ఇది రాజకీయం. ఆ ఇద్దరినీ కలిపితే మిగిలేది ఒక మంచివాడు, ఒక చెడ్డవాడు. మరి ఎవరిని కలపాలి? శత్రుపక్షంలో ముగ్గురు అధికారులుంటే ఒకరిని చేయండి. కుటుంబంలో అన్నదమ్ములు నలుగురుంటే ఒకరు చాలు. ప్రేమకథ రెండుంటే ఒకటి తీసేయండి. సొంత పక్షంలోని తగాదాని మాత్రం ముట్టుకోవద్దు. కార్డుల మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి, ఈ ఇద్దరూ విడివిడిగానే ఉంటారని.

ఎదుటి పక్షంలో ఒకే మనిషిని ఉంచుతున్నాం కాబట్టి వాదనలో బలమైన వాక్యం అతనికే ఇవ్వండి. అతని డైలాగులు మాత్రమే విడిగా తీసి, అతనితో ఏకీభవించే వాళ్లెవరికైనా చదివి వినిపించండి. ‘మేం ఇలా అనం’ అని వాళ్లంటే మళ్లీ రాయాలి.

ఉపన్యాసాల దగ్గరికి వద్దాం. నవలలో పది పేజీల ఉపన్యాసం 2,500 మాటలు, పైకి చదివితే ఇరవై నిమిషాలు. సినిమాలో రెండు నిమిషాలకు మించి నిలవదు. కుదించి రాస్తే నినాదాల మూటలా తయారవుతుంది. మేలైన పద్ధతి, ఉపన్యాసానికి ముందు రాత్రిని తీయడం. ముగ్గురు మనుషులు, టైపు చేసిన ఒక కాగితం. అందులో ఒక వాక్యం ఉండాలా వద్దా అని గొడవ. ఒకరు కొట్టేస్తారు, ఇంకొకరు మళ్లీ రాస్తారు. మర్నాడు సభలో మనం ఉపన్యాసం చివరి అర నిమిషమే చూపిస్తాం. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి వక్త చెబుతాడా, దాటేస్తాడా అని ప్రేక్షకుడు ఎదురుచూస్తుంటాడు. కెమెరా వక్త మీద ఉండక్కర్లేదు. ఆ వాక్యం వల్ల రేపు ఉద్యోగమో ప్రాణమో పోయే మనిషి ముఖం మీద ఉండాలి. పది పేజీల వాదన ఒక గది సీను, ఒక క్లోజప్పుతో వచ్చేస్తుంది. నవలలో ఉపన్యాసం ఎక్కడ కనబడ్డా ముందు ఇదే అడగండి: ఇందులో ఏ వాక్యం పలకడానికి ధైర్యం కావాలి?

సమావేశం సీన్లు మనకి చవక అనిపిస్తాయి. బల్ల, కుర్చీలు, మనుషులు, అంతేగా. నిజానికి షెడ్యూల్‌ని ముంచేవి అవే. ఎనిమిది మంది బల్ల చుట్టూ కూర్చున్నారనుకోండి. అందరూ కనబడే మాస్టర్ షాట్ ఒకటి, ఒక్కొక్కరికి విడి షాట్ ఎనిమిది. ఎవరు ఎటు చూసి మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి కొందరికి రెండు దిక్కుల్లోనూ తీయాలి, లేకపోతే చూపులు కలవవు. పదిహేను సెటప్పులు (కెమెరా, లైట్లు ఒక్కో చోట పెట్టడం) దాటుతాయి. చిన్న యూనిట్ రోజుకి ఇరవై, ఇరవై అయిదు సెటప్పులు చేస్తే గొప్ప. నాలుగు నిమిషాల సీనుకి రోజు అయిపోయింది. దీనికి మందు బ్లాకింగ్‌లో, అంటే నటులు ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్న ఏర్పాటులో ఉంది. ఎనిమిది మందిని మూడు గుంపులుగా విడదీయండి: బల్ల దగ్గర నలుగురు, కిటికీ దగ్గర ఇద్దరు, తలుపు దగ్గర ఇద్దరు. గుంపుకి ఒక షాట్. ఒక్క మనిషిని నిలబెట్టి ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి నడిపించండి. అతని నడకతో పాటే చూపుల గీత మారుతుంది, ప్రేక్షకుడు తికమకపడడు. సెటప్పులు ఆరేడుకి దిగుతాయి. కిటికీ వైపు చూసే షాట్లన్నీ ముందు తీసేయండి, వెలుతురు మారకముందే. తర్వాత కెమెరా, లైట్లు ఒక్కసారే తిప్పాలి. గోడ వైపు షాట్లు సాయంత్రమైనా నడుస్తాయి.

ఈ సీన్లకు సౌండే ప్రాణం. కెమెరా అద్దెలో తగ్గించి అయినా మంచి సౌండ్ రికార్డిస్టుని పెట్టుకోండి. ఖాళీ గదుల్లో మాట గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. ఫ్రేములో లేని గోడలకు దళసరి దుప్పట్లు కట్టాలి, కెమెరాకి కనబడని నేల మీద తివాచీ పరవాలి. ఫ్యాన్లు, ఫ్రిజ్, ఏసీ ఆపాలి. గది వదిలే ముందు అందరూ ఊపిరి బిగబట్టి నిలబడితే ఆ గది నిశ్శబ్దం ఒక నిమిషం రికార్డు చేయాలి. అది లేకపోతే ఎడిట్‌లో డైలాగు డైలాగు మధ్య గుంతలు పడతాయి. డబ్బింగ్ చెప్పుకుందాంలే అనుకుంటారు కొందరు. వాదనలో ఒకరి మాట మీద ఒకరు పడే సహజత్వం డబ్బింగ్ గదిలో ఒక్కొక్కరు విడిగా నిలబడి చెబితే రాదు.

జనం. నలభై మందిని నాలుగు వందల మందిగా చూపించడం సాధ్యమే, కొన్ని నియమాలు పాటిస్తే. కెమెరా మనిషి కంటి ఎత్తులోనో అంతకన్నా కిందో ఉండాలి. 85 ఎం.ఎం. అంతకు మించిన లెన్సు వాడితే వరసలు దగ్గరకు వచ్చి కిక్కిరిసినట్టుంటాయి. ఫ్రేము అంచులు నిండాలి, ఒక్క అంచు ఖాళీగా కనబడినా లెక్క బయటపడిపోతుంది. ముందు వరసలో వీపులు, తలలు ఫోకస్ లేకుండా ఉండాలి. చీకటి పడే వేళ, వెనక నుంచి లైటు, కాస్త పొగ ఉంటే వెనక వరసలు ఉన్నాయో లేవో తెలియదు. డ్రోన్ ఇప్పుడు సులువుగా దొరుకుతుంది కాబట్టి వాడాలనిపిస్తుంది, జనం సీనులో వద్దు. పైనుంచి చూస్తే నలభై మంది నలభై మందే. కెమెరా స్టాండు మీద బిగించి, అదే జనాన్ని ఫ్రేములో ఒక్కో భాగంలోకి మార్చి తీసి తర్వాత కలిపే పద్ధతి ఉంది. దానికి ఎక్స్‌పోజర్, ఫోకస్ కదపకూడదు. ఎండలో నీడలు కదులుతాయి కాబట్టి మొత్తం పావుగంటలో అయిపోవాలి, లేదా మబ్బు పట్టిన రోజు తీయాలి. చోటు మారిన ప్రతిసారీ చొక్కాలు, కండువాలు మార్చండి. ఒకే ఎర్ర చొక్కా మూడు చోట్ల కనబడితే చాలు, పట్టేస్తారు.

జనాన్ని నిజంగా పెంచేది చెవి. అదే నలభై మందితో నినాదాలు ఆరేడు సార్లు రికార్డు చేయండి, మైకుకి దగ్గరగా, దూరంగా, గోడ అవతల నుంచి, ఒకసారి గొంతులు అలసిపోయాక. వాటిని పొరలుగా పేరిస్తే వేల మంది వినబడతారు. నినాదం అందుకునే గొంతు మాత్రం ప్రతి పొరలోనూ వేరేది ఉండాలి, లేకపోతే టేపు తిప్పినట్టు తెలిసిపోతుంది. కల్పిత పార్టీకి జెండా, గుర్తు, రంగు మనమే తయారుచేయాలి. ఉన్న ఏ పార్టీనీ తలపించకుండా ముందే సరిచూసుకోవాలి. షూటింగ్ తర్వాత జెండా రంగు మార్చాలంటే ఫ్రేము ఫ్రేముకీ డబ్బు.

లొకేషన్ల విషయంలో మొండిగా ఉండండి. యూనిట్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారితే సర్దుకోవడం, ప్రయాణం, మళ్లీ లైట్లు పెట్టడం కలిపి రెండు మూడు గంటలు పోతాయి. పాత పెద్ద భవనం ఒకటి పట్టుకుంటే పార్టీ కార్యాలయం, పత్రికాఫీసు, కోర్టు వరండా, విచారణ గది నాలుగూ అందులోనే తీయవచ్చు. నేల రాళ్లు, కిటికీ చట్రాలు మోసం బయటపెడతాయి. ప్రతి చోటికీ కిటికీ దిక్కు మార్చండి, గోడకి నాలుగడుగుల ఎత్తు వరకే వేరే రంగు వేయండి, కింది నేల కనబడకుండా ఫ్రేము పెట్టండి. బయటి శబ్దం కూడా మార్చాలి: పత్రికాఫీసుకి అచ్చు యంత్రం, కోర్టుకి అడుగుల చప్పుడు.

నవల ముప్పై ఏళ్లు నడిస్తే మేకప్‌తో ముసలితనం తేవాలని చూడకండి. మంచి ప్రోస్థెటిక్‌కి (ముఖానికి అతికించే కృత్రిమ చర్మానికి) రోజూ మూడు నాలుగు గంటలు పడుతుంది, చౌకది క్లోజప్పులో నిలవదు. రెండు కాలాలే ఎంచుకుని ఇద్దరు నటుల్ని పెట్టండి, లేదా మొత్తం కథని పది పన్నెండు రోజులకు బిగించండి. పాత న్యూస్‌రీలు కొనేటప్పుడు ఫెస్టివల్ లైసెన్సు, అంటే చిత్రోత్సవాల్లో చూపించడానికి మాత్రమే అనుమతి, చవకగా ఇస్తారు. సినిమా అమ్ముడుపోయాక అన్ని మాధ్యమాలకూ మళ్లీ కొనాల్సి వస్తుంది, అప్పుడు ధర వాళ్లు చెప్పిందే. ఆ రేటు కూడా మొదట్లోనే రాయించుకోండి.

ఒకరు చీటీ పంపారు, పోయినదంతా వాయిస్ ఓవర్‌లో చెప్పవచ్చా అని. తేదీ, చోటు, ఒక మనిషి అబద్ధం, ఇవి చెప్పవచ్చు. వాదన చెప్పకూడదు. వాయిస్ ఓవర్‌లో వాదనకి ఎదురు చెప్పేవాడు ఉండడు, ప్రేక్షకుడు దాన్ని ప్రచారంగా వింటాడు. రచయిత ఎంత బాగా రాసినా అంతే.

ఎడిట్ మొదటి కూర్పు అనుకున్నదానికన్నా ఇరవై, ముప్పై నిమిషాలు ఎక్కువ వస్తుంది. నవల చదవని ఎనిమిది పది మందికి చూపించండి. బాగుందా అని అడగొద్దు. ఎవరు ఏం కోరుకున్నారు, ఇద్దరు మిత్రులు దేని దగ్గర విడిపోయారు, ఎక్కడ తికమక పడ్డారు, ఎవరి పేరు గుర్తుంది, ఇవి రాసి ఇమ్మనండి. రెండో ప్రశ్నకి సగం మంది తప్పు రాస్తే కోత ఎక్కువైందని, అదీ తప్పు చోట పడిందని అర్థం. దాన్ని సరిచేయడానికి ప్యాచ్‌వర్క్ (ఎడిట్‌లో లోటు కనబడ్డ సీన్లు మళ్లీ తీసుకునే) రోజులు రెండు, బడ్జెట్‌లో పదో వంతు ముట్టుకోకుండా ఉంచుకోవాలి. నటుల ఒప్పందంలో ఆ రెండు రోజులూ ముందే రాసి ఉండాలి, జుట్టు, గడ్డం అప్పటిదాకా మార్చుకోకూడదన్న షరతుతో సహా. ఆ రోజుల్లో సాధారణంగా తీయాల్సి వచ్చేది ఇద్దరు మనుషులు, ఒక గది, ఒకటిన్నర నిమిషం మాటలు. అందుకే విచారణ గది తలుపు, బల్ల, దీపం సినిమా ఎడిటింగ్ పూర్తయి లాక్ అయ్యేదాకా అమ్మేయకండి.